నీళ్ళు చూడని గుడ్డ

నేను ఒక కుట్టు మిషన్ని. కాలితో తొక్కితే నడిచే రకం. కరెంటు పోయినప్పుడు ఈ ఇంట్లో పనిచేసేవి రెండేనని, ఒకటి నేను, రెండోది ప్రభావతి నోరు అని ఆవిడ భర్త భాస్కరం మాస్టారు వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. ప్రభావతి విని ఊరుకుంటుంది. నిజానికి ఆవిడ నోరు అంత పెద్దది కాదు. పేచీ అంతా ఆవిడ కళ్ళతోనే. కుట్టు నూలుపోగంత పక్కకి జరిగినా ఆ కళ్ళకి కనిపిస్తుంది. కనిపించాక ఇక ఆవిడకి అన్నం సయించదు.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఎక్కడో ఉత్తరాన ఒక ఫ్యాక్టరీలో ఇనుము కరిగించి అచ్చులో పోశారు. నల్లరంగు వేశారు. మెడ మీద బంగారు రంగు తీగెలు అంటించారు. చివర్లో ఒక ముసలాయన నా చక్రాన్ని చేత్తో తిప్పి, చెవి ఆనించి విన్నాడు. గరగరలేవీ వినిపించకపోయేసరికి తృప్తిగా తలూపాడు. మనుషుల్లో బిడ్డ పుట్టగానే ఏడిస్తే సంతోషిస్తారట. మాలో చప్పుడు చెయ్యకపోతే సంతోషిస్తారు.

రైల్లో రాజమండ్రి, అక్కణ్ణించి లారీలో తణుకు వచ్చాను. బజారు వీధిలో మీరా సాహెబ్ అనే దర్జీ నన్ను తెచ్చుకున్నాడు. పద్దెనిమిదేళ్ళు ఆయన కాళ్ళ కింద నడిచాను. చొక్కాలు, లాగూలు, పెళ్ళికొడుకుల లాల్చీలు. కొలతలు ఇవ్వడానికి వచ్చిన మగవాళ్ళు అద్దం ముందు పొట్ట లోపలికి లాక్కుని నిలబడేవారు. మీరా సాహెబ్ టేపు చుట్టి, పైకి ఆ అంకే చదివి, రెండంగుళాలు కలిపి కత్తిరించేవాడు. బిగుతయిందని ఏనాడూ ఎవరూ తిరిగి రాలేదు. 'కొలతకి కొలత! నేను ఏమాత్రం ఒళ్ళు చెయ్యలేదు' అని మురిసిపోయేవారు.

గుడ్డ ఎవరు తెచ్చినా ముందు బకెట్లో నానబెట్టి, నీడలో ఆరబెట్టి, ఆ తరవాతే కత్తెర పట్టుకోవడం ఆయన పద్ధతి. "తడపని గుడ్డ, ఆరా తియ్యని సంబంధం ఒకటేనమ్మా. మొదటి ఉతుక్కే రెండిటి రంగూ బయటపడుద్ది" అనేవాడు.

ఆ మాట ఆయన ప్రభావతితోనే అన్నాడు. అప్పుడావిడ బియ్యెస్సీ రెండో సంవత్సరం. వేసవి సెలవుల్లో దుకాణానికి వచ్చి కుట్టు నేర్చుకుంది. ఆ ఏడే సాహెబ్‌కి చూపు మందగించి, సూదిలో దారం ఎక్కించడానికి దారిన పోయేవాళ్ళని పిలవాల్సి వచ్చింది. నన్ను ప్రభావతి తండ్రికి ఇచ్చేశాడు. రిక్షా ఎక్కిస్తూ, "పిల్ల చెయ్యి మంచిది. కాకపోతే విప్పడం ఎక్కువ" అన్నాడు.

ఆయన చూపు మందగించినా చూడవలసింది చూశాడు. నలభై ఏళ్ళకి పైగా ఆవిడ దగ్గరున్నాను కాబట్టి చెప్పగలను, ప్రభావతి కుట్టినదానికంటే విప్పిందే ఎక్కువ. అరబ్లేడు ముక్క వేళ్ళ మధ్య పట్టుకుని, కుట్టు తరవాత కుట్టు తెంపుతూ, దారపు ముక్కలు చీర కుచ్చిళ్ళ మీద పడుతుంటే పట్టించుకోకుండా కూర్చుంటుంది. తన జాకెట్లు, కూతురి యూనిఫారాలు, దిండు గలీబులు, పరదాలు, అన్నీ ఒకసారి విప్పించుకునే బయటికి వెళ్ళాయి. సాహెబ్ చెప్పిన మాట మాత్రం తు చ తప్పలేదు. లైనింగు తడిపి ఆరబెట్టకుండా ఒక్క జాకెట్టు కూడా కత్తిరించలేదు. పక్కింటి రత్నకుమారిగారు "రేపే పెళ్ళండీ, ఈ ఒక్కసారికీ పొడిగుడ్డతో కానిచ్చెయ్యండి" అని బతిమాలితే, "పొడిగుడ్డతో అయితే వేరేచోట ఇచ్చుకోండి" అని గుడ్డ చేతిలో పెట్టేసింది.

ఇలాంటి మనిషి మనవరాలి బొంత విషయంలో ఏం చేసిందో చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

మనవరాలు ధృతి పుట్టినప్పుడు ప్రభావతి దూది పరిచి, చేత్తో పెద్ద పెద్ద కుట్లు వేసి ఒక బొంత చేసింది. అంచు కుట్టడం వరకే నా పని. కూతురు స్రవంతి దాన్ని భీమవరం తీసుకుపోయి వాషింగ్ మిషన్లో వేసింది. లోపలి దూదంతా ఒక మూలకి చేరి ముద్దలు కట్టింది. ఆ సంగతి ఎవరూ ప్రభావతికి చెప్పలేదు. ఓసారి అల్లుడు కారు డిక్కీ తెరిచినప్పుడు, అద్దాలు తుడిచే గుడ్డల్లో దాని అంచు ఆవిడకి కనపడింది. అది నా అంచే. ఆవిడ ఏమీ అనకుండా పచ్చడి సీసాలు డిక్కీలో సర్దింది.

ఈ ఏడు వినాయక చవితి వెళ్ళిన వారానికి స్రవంతి ఫోన్ చేసింది. ప్రభావతి వెనక వసారాలో నా బల్ల మీద ఫోన్ పెట్టి, స్పీకర్లో మాట్లాడుతూ కాజాలు కుడుతోంది.

"అమ్మా, ధృతికి వేరే మంచం కొన్నాం. ఇంక నా పక్కలో కాదు, దాని మంచం మీదే పడుకోవాలి. రంగురంగుల బొంత ఒకటి ఆన్‌లైన్లో చూశాను, పెట్టేస్తున్నాను."

"ఆగు. నేను కుడతాను."

"కుట్టమ్మా. కానీ ముందే చెప్తున్నాను, చేత్తో ఉతికే ఓపిక నాకు లేదు. వారం వారం మిషన్లో పడేస్తాను. దానికి తట్టుకోవాలి. తట్టుకోకపోతే నేను కొనేసుకుంటాను, అప్పుడు నువ్వు మూతి ముడుచుకోకూడదు."

"నేనెప్పుడు ముడుచుకున్నానే?"

"డిక్కీలో చూసినప్పటి నించీ ముడుచుకునే ఉన్నావు. నాలుగేళ్ళయింది."

ప్రభావతి కుట్టు ఆపింది. తను డిక్కీలో చూడడం కూతురు గమనించిందని ఆవిడకి ఇప్పుడే తెలిసింది. "పుట్టినరోజుకి తెస్తాను" అని ఫోన్ పెట్టేసింది. అప్పటికి ఇంకా నెలన్నర ఉంది.

మర్నాటి నుంచి నాకు కొత్త చదువు మొదలైంది. ఫోన్లో ఎవరో దొరసాని బొంతని మిషను మీద పెట్టి, గుడ్డని అన్ని దిక్కులకీ తిప్పుతూ మెలికల మెలికల కుట్టు వేస్తోంది. ముగ్గు వేసినట్టు చెయ్యి ఎత్తకుండా పోతోంది. పైగుడ్డ, నడిమిగుడ్డ, అడుగుగుడ్డ మూడూ జానెడు మేర కూడా విడిచిపెట్టకుండా కరుచుకుంటున్నాయి. అలా కరుచుకున్నది ఎన్ని ఉతుకులు ఉతికినా కదలదట.

వినడానికి బాగానే ఉంది. కానీ అరవై ఏళ్ళుగా నేను ముందుకే నడిచాను. నా సూది కింద చిన్న పళ్ళున్నాయి. గుడ్డని పట్టి వెనక్కి తోయడమే వాటి పుట్టువృత్తి. అవి పనిలో ఉన్నంతసేపూ గుడ్డ గుండ్రంగా తిరగదు. పళ్ళని కిందికి దించే మర ఒకటి నా పొట్టలో ఉంది గానీ, ఎవరూ వాడక తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కొబ్బరినూనె పోసినా కదల్లేదు. చివరికి ప్రభావతి బీరువా వెతికి, మాస్టారు డ్రిల్లు మాస్టరుగా చేసినప్పటి ప్లాస్టిక్ గుర్తింపు కార్డు తీసింది. మేకు కాల్చి మధ్యలో బెజ్జం పెట్టి, దాన్ని పళ్ళ మీద పరిచి టేపు అంటించింది.

మాస్టారు వచ్చి వంగి చూశారు. "సరిగ్గా నా ముక్కు మీద పొడుస్తోందే సూది!"

"మీరు రిటైరయ్యాక మళ్ళీ డ్యూటీ పడింది. కదలకుండా ఉండండి" అంది ప్రభావతి.

పాత గుడ్డల్ని జానెడు ముక్కలుగా కోసి, మూడేసి పొరలు పెట్టి సాధన మొదలుపెట్టింది. మొదటి ముక్క కింద దారం పిట్టగూడు కట్టింది. రెండోదీ అంతే. మూడోదానికి సూది విరిగింది. నాలుగోదానికి అసలు సంగతి ఆవిడే పట్టుకుంది. గుడ్డని నొక్కే పాదాన్ని విప్పేసినా, పాదం తగిలించే కడ్డీని కిందికి దించాలి. దించకపోతే పైదారానికి బిగువు రాదు. ఈ మాట నేను మొదటి రోజే చెప్పేదాన్ని, నన్ను అడిగి ఉంటే. మనుషులు మిషన్ని తిడతారు, కొడతారు, నూనె పోసి బుజ్జగిస్తారు. అడగడం మాత్రం వాళ్ళకి తోచదు.

ఆ తరవాత కాళ్ళకీ చేతులకీ తగువు వచ్చింది. కాలు తొందరపడితే కుట్లు నువ్వుగింజల్లా చిన్నవి, చెయ్యి తొందరపడితే చింతగింజలంత పెద్దవి. రత్నకుమారిగారు ప్రహరీ మీంచి చూసి, "ఎందుకండీ ఈ వయసులో కుస్తీ? కంప్యూటరు మిషను మీద గంటలో కుట్టిచ్చేస్తారట" అంది.

"కంప్యూటరుకి మనవరాలు లేదు కదండీ" అంది ప్రభావతి, తల ఎత్తకుండా.

పదిహేడో ముక్కకి మెలికలు మెలికల్లా వచ్చాయి. ఆ ముక్కని వాషింగ్ మిషన్లో ఐదుసార్లు ఉతికింది. పోగు లేవలేదు, మడత రాలేదు. ఆ వాషింగ్ మిషను వసారాలో నా పక్కనే ఉంటుంది. దానికి ఏడేళ్ళు. ఊరికే గిరగిరా తిరుగుతూ పెద్ద పని చేస్తున్నట్టు ఊగిపోతుంది. ఆ రోజు మాత్రం దాని తీర్పు కోసం నేనూ ఎదురుచూశానని ఒప్పుకుంటాను.

ఇక అసలు బొంత. బజారుకి వెళ్ళి ఎరుపు, తెలుపు, నిమ్మపండు పసుపు, చిలకాకుపచ్చ, నీలం, వంగపండు రంగుల్లో నూలుగుడ్డలు తెచ్చింది. ఐదు గళ్ళు అడ్డం, ఆరు గళ్ళు నిలువు. నడిమి పొరకి ఇంట్లో ఉతికి ఉతికి మెత్తబడిన దుప్పటి. అడుగున కొత్త తెల్లగుడ్డ.

అలవాటు ప్రకారం బకెట్టు పెట్టి పంపు తిప్పింది. నీళ్ళు సగం నిండాయి. ఎర్రగుడ్డ చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. కొత్తబట్టకి నాలుగు మూలలా పసుపు పెట్టి ఇవ్వడం ఈ ఇంటి ఆనవాయితీ. పిల్లలకి పెట్టే గుడ్డ అయితే అంతకుముందు నీళ్ళు చూడకూడదని ఆవిడ అత్తగారు గట్టిగా చెప్పేది. తడిపితే అది పాతబట్ట. పుట్టినరోజు నాడు పిల్లకి పాతబట్ట పెడతామా?

ప్రభావతి పంపు కట్టేసింది. ఆ నీళ్ళు తులసికోటలో పోసింది.

కాలేజీలో కెమిస్ట్రీ చదివిన మనిషి. ఎవరి జాకెట్టు గుడ్డనీ పొడిగా ముట్టుకోని మనిషి. పెళ్ళిళ్ళ వాళ్ళని తిప్పి పంపిన మనిషి. ముప్పై గళ్ళూ పొడిగానే కత్తిరించింది. నా సూది మొదటిసారి దిగినప్పుడే గుడ్డలో గంజి బిరుసు తగిలింది. టిక్కు టిక్కుమని వేరే చప్పుడు చేశాను. ఆవిడ విని సూది మార్చింది.

పన్నెండు రోజులు కుట్టాం. అంత బాగా నేను ఎప్పుడూ నడవలేదు, ఆవిడ ఎప్పుడూ తొక్కలేదు. ఒక్క గడి కూడా విప్పలేదు. మంగళవారం నాడు అంచు మడిచి కుట్టి, నాలుగు మూలలా పసుపు అద్ది, మడతపెట్టి బీరువాలో పెట్టింది. ఆదివారం పుట్టినరోజు.

బుధవారం పొద్దున్న, పుట్టినరోజుకి కట్టుకునే చీర మీదకి జాకెట్టు కుట్టుకుందామని ఎర్ర లైనింగు బకెట్లో వేసింది. వంటింట్లోకి వెళ్ళి పోపు వేసి వచ్చేసరికి బకెట్లో నీళ్ళు దానిమ్మరసంలా ఉన్నాయి. ఈ రంగు దిగడం ఆవిడకి వింత కాదు. వెయ్యిసార్లు చూసింది. ఈసారి మాత్రం చెయ్యి బకెట్లో పెట్టి అలాగే నిలబడిపోయింది.

"ఏవండీ, ఆ బొంత ఇలా తీసుకురండి."

"పసుపు పెట్టి మడతేశావు కదే?"

"తీసుకురండి ముందు."

మాస్టారు తెచ్చారు. ఆవిడ దాన్ని తీసుకుని వాషింగ్ మిషన్లో పడేసింది. ఆయన "అయ్యో, అదేంటే" అనేలోపు మూత పడింది. గంటసేపు ఇద్దరూ నా బల్ల దగ్గరే కూర్చున్నారు, ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టు.

బయటికి వచ్చిన బొంత అన్ని వైపులా మూడేసి అంగుళాలు కుంచించుకుపోయింది. నడిమి దుప్పటి పాతది కాబట్టి కదల్లేదు. పైదీ కిందదీ కొత్తవి కాబట్టి ముడుచుకున్నాయి. ఒళ్ళంతా సన్నటి ముడతలు. అదైనా ఫరవాలేదు. ఎరుపు పక్కనున్న తెల్లగళ్ళూ పసుపు గళ్ళూ మొత్తం పదకొండు, తాంబూలం మరకలు పడ్డట్టు అయ్యాయి.

"ముడతలు బాగానే ఉన్నాయే. నా మొహంలా నవ్వుతున్నట్టు..." అని మాస్టారు మొదలుపెట్టి, భార్య మొహం చూసి ఆపేశారు.

ప్రభావతి అరబ్లేడు తీసింది. మరక పడ్డ ఒక గడిని విప్పి కొత్త ముక్క వేద్దామని కూర్చుంది. మూడు పొరల్ని కరిచి పట్టుకున్న మెలికల కుట్టు. ఒక్క కుట్టు తెంపితే పక్క కుట్టు ఇంకా బిగుసుకుంటుంది. అరగంటకి బొటనవేలంత మేర విప్పింది. అక్కడ గుడ్డ జల్లెడలా బెజ్జాలు పడి చిరిగింది. ఇన్నేళ్ళలో ఆవిడ విప్పలేకపోయిన కుట్టు అదొక్కటే, అదీ తను వేసిందే. ఏ ఉతుక్కీ కదలకూడదని వేసింది, ఆవిడకి మాత్రం ఎందుకు కదులుతుంది?

బ్లేడు సొరుగులో పడేసి ఫోన్ తీసింది.

"స్రవంతీ, బొంత పాడుచేశానే. గుడ్డ తడపకుండా కుట్టాను. రంగు దిగింది."

"నువ్వా? తడపకుండానా?" కూతురి గొంతులో వినిపించింది కోపం కాదు, ఆశ్చర్యం.

"నేనే. మీ నాయనమ్మ కొత్తగుడ్డకి నీళ్ళు తగలకూడదనేది. పిల్లకి మంచిది కాదేమోనని..." మిగతాది మింగేసింది. "నువ్వు ఆన్‌లైన్లో పెట్టుకో. రెండు రోజుల్లో వచ్చేస్తుంది కదా. నేను మూతి ముడుచుకోను."

"కుట్లు ఊడాయా?"

"కుట్లు ఊడలేదు."

"ముద్ద కట్టిందా?"

"లేదు. మరకలు పడ్డాయి, కుదించుకుపోయింది."

"మరి పాడయిందంటావేంటమ్మా? నేను అడిగింది తట్టుకోవాలని. తట్టుకుందిగా." కొంచెం ఆగి అంది, "నీ కంటికి ఆనకపోతే ఏం చేస్తావో చెయ్యి. నేనైతే ఆర్డరు పెట్టడం లేదు."

ప్రభావతి ఫోన్ పెట్టేసి లేచి బొంతని ఇంకోసారి ఉతికింది. నీళ్ళు గులాబీ రంగులో వచ్చాయి. మళ్ళీ ఉతికితే లేతగా వచ్చాయి. నాలుగోసారికి తేటగా వచ్చాయి. గురువారమంతా ఎండలో ఆరేసింది. తను ఏళ్ళ తరబడి దాచుకున్న లైనింగు ముక్కల మూట విప్పింది. అన్నీ తడిపి ఆరబెట్టినవే. గిన్నె మూత పెట్టి గుండ్రంగా గీసి, పదకొండు ముక్కలు కత్తిరించింది. విప్పకుండా, ఉన్నదాని మీదే వాటిని పరిచి కుట్టాం. చుట్టూ ఒక వరస, లోపలికి నత్తగుల్లలా ఇంకో వరస. చిరిగిన చోటు కూడా వాటిలో ఒకదాని కిందకే వచ్చింది. మొత్తం మీద చూస్తే గళ్ళ మధ్య అక్కడక్కడా బంతులు ఎగిరినట్టు ఉంది. అది ముందే అనుకుని చేసిన పనిలా కనిపిస్తుందని మాస్టారు అంటే, "చూసేవాళ్ళకి. నాకు కాదు" అంది.

శనివారం సాయంత్రం మళ్ళీ నాలుగు మూలలా పసుపు అద్దింది.

"నాలుగు ఉతుకులైన బట్టకి పసుపేంటే?"

"మనకి పాతది. పిల్లకి కొత్తదేగా."

ఆదివారం వాళ్ళు భీమవరం బస్సెక్కారు. మాలాంటి వాళ్ళం పుట్టినరోజులకి వెళ్ళం. మేము చేసినవి వెళతాయి. వీధిలో పాత ఇనుము కొనేవాడి కేక వినిపించినప్పుడల్లా నాకు ఒకప్పుడు దిగులుగా ఉండేది. ఇప్పుడు అంత లేదు. నన్ను కరిగించి గేటు చేసినా, పార చేసినా, నా మెలికలు కొన్ని ఎక్కడో ఒక పిల్ల కప్పుకుని ఉంటుంది. అది చాలనుకోవడం నేర్చుకున్నాను. మనుషులు నేర్చుకుంటారో లేదో తెలియదు.

మూడు వారాల తరవాత ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. ప్రభావతి నా బెల్టు బిగిస్తోంది. స్పీకర్ నొక్కింది.

"అమ్మా, మూడుసార్లు వేశాను మిషన్లో."

"ఊఁ."

"ఏమీ కాలేదు."

"ఏమీ కాలేదంటే?"

"అంటే ఏమీ కాలేదు! రంగు దిగలేదు, దారం లేవలేదు. ఉతికిన రోజు అది లేకుండా పక్క ఎక్కనంటోంది ధృతి. తీగె కిందే కుర్చీ వేసుకుని కూర్చుంటోంది, ఎప్పుడు ఆరుతుందా అని. ఎండ లేని రోజుకి ఇంకోటి కావాలి. కుడతావా?"

"ఫొటో పెట్టు" అంది ప్రభావతి.

ఫొటో వచ్చింది. మాస్టారు కూడా కళ్ళజోడు సర్దుకుని వచ్చారు. మంచం మీద ధృతి నిద్రపోతోంది. బొంత సగం కాళ్ళ కింద, సగం చంకలో. ప్రభావతి రెండు వేళ్ళతో ఫొటోని పెద్దది చేసి, పై అంచు నుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్క గడీ, ఒక్కొక్క బంతీ.

"ముందు పిల్ల మొహం చూడవే" అన్నారు మాస్టారు.

"చూస్తాను, ఉండండి. ఇదిగో, ఇక్కడ మెలిక మెలికని దాటింది."

"దాటితే?"

"దాటకూడదు."

వేలు నెమ్మదిగా కిందికి జరిగింది. నాలుగో వరస, ఐదో వరస. ఆరో వరసలో పిల్ల చెయ్యి అడ్డం వచ్చింది. అక్కణ్ణించి భుజం, మెడ, తెరిచి ఉన్న చిన్న నోరు. అంతలో స్క్రీను ఆరిపోయింది.

ప్రభావతి మళ్ళీ వెలిగించింది. ఈసారి పిల్ల దగ్గరే మొదలుపెట్టింది.